షాపు వద్దన్న అబ్బాయి

నగరంలో ఒక ఫోన్లు, లాప్‌టాప్‌ల కంపెనీ షాపు. ఆ రోజుకి రిపేరు కౌంటర్ దగ్గర మిగిలిన టోకెన్ ఒక్కటే. అది కళ్లజోళ్ల షాపులో పనిచేసే అబ్బాయి చేతిలో ఉంది. దాని మీద కన్నేసి పక్కనే నిలబడ్డది పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే అమ్మాయి.

"మీ ఫోన్‌కి ఏమైందండీ?" పలకరింపు కూడా లేకుండా అడిగింది.

"గ్లాసు పగిలింది."

"పనిచేస్తోందా?"

"ఆ, చేస్తోంది."

"అయితే దానిది ఉత్త దెబ్బ. నా లాప్‌టాప్‌కి ప్రాణమే పోయింది. రేపటికి ఒక పెళ్లి అప్పజెప్పాలి. ఆ టోకెన్ నాకిచ్చేయండి."

అడిగినట్టు లేదు, తనది తాను తీసుకుంటున్నట్టు ఉంది. ఇంకొకరైతే ఒళ్లు మండిపోయేది. మనవాడికి మాత్రం ఎవరు ఎదురుపడ్డా ముందు కళ్లు చూడ్డం అలవాటు. పెద్ద కళ్లు, నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి. కుడికన్ను కాస్త చిట్లిస్తోంది.

"మీరు స్క్రీన్ ముందు చాలాసేపు కూర్చుంటారు కదూ? కుడికన్నుకి పవర్ వచ్చినట్టుంది. ఒకసారి చూపించుకోండి," అన్నాడు.

"నా కన్ను సంగతి నేను చూసుకుంటాను. మీరు టోకెన్ సంగతి చెప్పండి."

ఇచ్చేశాడు. ఎందుకిచ్చావని తర్వాత వాళ్ల మావయ్య గుచ్చి గుచ్చి అడిగాడు. పగిలిన ఫోన్ జేబులో వేసుకుని బస్టాండుకి నడిచాడు.

సాయంత్రం బస్సులో కూడా మిగిలింది ఒక్కటే సీటు, ఆమె పక్కది. ఎక్కడ దిగుతారని అడిగితే ఇద్దరిదీ ఒకే ఊరు. ఏ వీధి అంటే ఒకే వీధి. మనవాడు మావయ్య కళ్లజోళ్ల షాపులో పనికి చేరి ఇంకా నెల తిరగలేదు. ఎదురుగా టైలర్ షాపు, దాని మీద ఒక గది, ఆ గది కిటికీకి ఎప్పుడూ దించి ఉండే నీలం కర్టెన్ అతను రోజూ చూసేవే. ఆ కర్టెన్ వెనక మనిషి ఈమె. రోడ్డు దాటితే కనిపించే మనిషిని కలవడానికి మూడున్నర గంటలు బస్సులో కూర్చుని ఇంకో ఊరు పోవాల్సొచ్చిందన్నమాట.

ఆమెని వీధిలో అందరూ కత్తెర అంటారు. కింద తండ్రి గుడ్డ కత్తిరిస్తాడు, పైన కూతురు పెళ్లిళ్లు కత్తిరిస్తుంది. ఎనిమిది గంటల పెళ్లిని నలభై నిమిషాలకి తెచ్చి, అందులో అత్తగారు మూతి ముడుచుకున్న చోట్లన్నీ తీసేసి, ఇరుపక్షాలూ సంతోషంగా చూసుకునేలా చేస్తుంది. మాట కూడా ఆ పనికి తగ్గట్టే పదును.

ఇక ఆ కంపెనీ సంగతి. దాని వస్తువులు చూడ్డానికి ముద్దొస్తాయి. పాడైతే మాత్రం కంపెనీ సొంత షాపులోనే విప్పాలి, బయటి చెయ్యి పడిందంటే గ్యారంటీ పోతుంది, పార్టులూ బయట దొరకవు. ఆ సొంత షాపేమో నగరంలో ఉంది. కత్తెర లాప్‌టాప్ పాతది. ఒకసారి కీబోర్డు, ఒకసారి బ్యాటరీ, ఒకసారి ఊరికే అలక. పార్టు లేదు, వచ్చే శనివారం రమ్మనేవాళ్లు. అలా ఆమెకి శనివారమంటే బస్సు ప్రయాణమే అయిపోయింది.

మనవాడి ఫోన్ గ్లాసు మరుసటి శనివారమే మార్చేశారు. అక్కడితో అతనికి ఆ షాపుతో పని తీరిపోవాలి. తీరలేదు. ఆ పై శనివారం స్పీకర్ గరగరలాడుతోందని బస్సెక్కాడు. ఇంకోసారి ఛార్జింగ్ నిలవడం లేదన్నాడు. మరోసారి ఏమీ తోచక, ఫోన్ కొంచెం దిగులుగా ఉంటోందన్నాడు.

కౌంటర్‌లో కూర్చునేది నడివయసు ఆవిడ. ముక్కు మీదికి జారిన కళ్లజోడు మీంచి మనిషిని చూస్తుంది. ఫోన్‌ని అటూ ఇటూ తిప్పింది. వెనక బెంచీ మీద కూర్చున్న కత్తెర వైపు ఒకసారి, మనవాడి వైపు ఒకసారి చూసింది.

"ఫోన్‌కి ఏ జబ్బూ లేదండీ," అంది మెల్లగా. "జబ్బు ఇంకెక్కడో ఉంది. దానికి మా దగ్గర పార్టులు దొరకవు."

మనవాడు చెవుల దాకా ఎర్రబడి, ఆవిడ కళ్లజోడు స్క్రూ బిగించి ఇచ్చి, థాంక్స్ చెప్పించుకుని బయటపడ్డాడు.

బస్సులో వేరుశనగల పొట్లం ఇద్దరి మధ్య ఉండేది. ఆమె ఫోన్‌లో ఒక పెళ్లి తీసి, ఒకే దృశ్యాన్ని రెండు రకాలుగా చూపించి, "ఏది బాగుంది, ఇదా, ఇందాకటిదా?" అని అడిగేది. అతనికి నవ్వొచ్చేది. కళ్ల పరీక్షలో అద్దాలు మార్చి మార్చి వేస్తూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అతను అడిగే ప్రశ్న కూడా అదే. ఆ మాట చెబితే ఆమె కూడా నవ్వింది. తర్వాత షాపుకొచ్చి ఆ కుర్చీలో కూర్చుని, ఇదే, కాదు ఇందాకటిదే అని అతన్ని ముప్పుతిప్పలు పెట్టి, చివరికి కుడికన్నుకి పవర్ ఉందని ఒప్పుకుంది. కళ్లజోడు పెట్టుకున్నాక మరీ బాగుందని అతను అనుకున్నాడు. అనుకోవడమే తప్ప అనలేదు.

ఒకసారి దారిలో వాన పట్టుకుంది. వాళ్ల కిటికీ అద్దం సగంలో బిగుసుకుపోయి పైకీ రాదు, కిందికీ పోదు. జల్లు కొడుతుంటే ఆమె లాప్‌టాప్‌ని పొట్టకి హత్తుకుంది. మనవాడు గొడుగు తీసి బస్సులోనే విప్పాడు. ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి చూసి, తన తల కూడా ఆ గొడుగు కిందికి చేర్చాడు. కత్తెర ఊరొచ్చేదాకా నవ్వుతూనే ఉంది. దిగేటప్పుడు, "నువ్వు భలేవాడివి," అంది. మీరు పోయి నువ్వు వచ్చిన ఆ రాత్రి మనవాడికి అన్నం సహించలేదు.

ఇంత బాగున్నదాన్ని చెడగొట్టే ఆలోచన కత్తెరదే.

"మన ఊళ్లోనే ఆ షాపు ఉంటే ఎంత హాయి," అనేది ప్రతి శనివారం, బస్టాండులో కాళ్లు చాపుకుంటూ. మనవాడు అవునన్నట్టూ కాదన్నట్టూ తల ఆడించేవాడు. హాయేమిటి, షాపు వీధి చివరికొస్తే శనివారాలు ఏమవుతాయి? పది నిమిషాల్లో పని ముగించుకుని ఆమె నీలం కర్టెన్ వెనక్కి వెళ్లిపోతుంది. అతను రోడ్డుకి ఇవతల మిగులుతాడు. పక్క పక్కన మూడున్నర గంటలు కూర్చోడానికి ఇంకే సాకు దొరుకుతుంది?

ఆమె తొందరకి వేరే కారణం ఉంది. అది అతనికి చెప్పలేదు, మనం చెప్పుకుందాం. లాప్‌టాప్ మొరాయించినప్పుడల్లా పని ఆగిపోతోంది. అలా రెండు పెళ్లిళ్లు చెయ్యి జారిపోయాయి. నగరంలో ఒక పెద్ద స్టూడియో వాళ్లు వచ్చి మా దగ్గర చేరమంటున్నారు. ఆమెకి వెళ్లాలని లేదు. తన గది, తన కిటికీ, కింద తండ్రి కుట్టుమిషను చప్పుడు, ఇవన్నీ వదలబుద్ధి కాదు. ఎదురుషాపు అబ్బాయి కూడా ఆ లెక్కలోకి వచ్చాడు గానీ, ఆ సంగతి తనకి తాను కూడా గట్టిగా చెప్పుకోలేదు. షాపు ఇక్కడికొస్తే ఉండిపోవడం, రాకపోతే సామాను సర్దుకోవడం. అలా నిర్ణయించుకుంది.

కంపెనీ వెబ్‌సైట్‌లో, మీ ఊరికి షాపు కావాలంటే చెప్పండి అని ఒక చోటుంది. కత్తెర ఊరు ఊరంతటి చేతా ఆ మాట చెప్పించడం మొదలుపెట్టింది. తండ్రిని కూడా ఇందులోకి దింపింది. ఆయన పద్ధతి వేరు. కొలతలకొచ్చిన మనిషి మెడ చుట్టూ టేపు వేసి, దాన్ని అలాగే పట్టుకుని, "మీ ఫోన్ ఏ కంపెనీదండీ?" అని అడిగేవాడు. మెడకి టేపు ఉండగా కాదన్న మనిషి ఇంతవరకూ లేడు.

మనవాణ్ని కూడా అడిగింది, కళ్ల పరీక్షకొచ్చేవాళ్లకి ఒక మాట చెప్పమని. సరేనన్నాడు. ఒక్కరికీ చెప్పలేదు.

వర్షాలు తగ్గాక కంపెనీ నుంచి ఒక ఆఫీసరమ్మ ఊరు చూడ్డానికి వచ్చింది. వీధంతా తిరుగుతూ, టీ తాగుతూ, వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ కళ్లజోళ్ల షాపు దగ్గర ఆగింది. మావయ్య భోజనానికి వెళ్లాడు. మనవాడొక్కడే ఉన్నాడు. ఇక్కడ మా షాపు పెడితే ఎలా ఉంటుందని ఆవిడ మామూలుగానే అడిగింది.

మనవాడు రోడ్డవతలికి చూశాడు. నీలం కర్టెన్ కాస్త పక్కకి తొలిగి ఉంది.

"అంత అవసరం లేదు మేడమ్," అన్నాడు. "మా ఊరివాళ్లకి నగరం వెళ్లడం సరదా. నేనే చూడండి, దాదాపు ప్రతి శనివారం వెళ్తాను. దూరం అనిపించదు."

ఆవిడ తలూపి వెళ్లిపోయింది. వెళ్లింది ఎక్కడికో కాదు, రోడ్డు దాటి ఎదురింటి మెట్లెక్కింది.

ఆఫీసరమ్మ దిగి బసకి వెళ్లిన కాసేపటికి కత్తెర షాపులోకొచ్చింది. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. అది మంచి సూచన కాదని మనవాడికి అర్థమైంది.

"ఎదురు షాపు అబ్బాయి అవసరం లేదన్నాడని ఆవిడ చెప్పింది. నువ్వేనా?"

"నేనే."

"ఎందుకన్నావు?"

అసలు మాట చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. కానీ మనవాడు దూరమేం కాదు కదా అని ఏదో గొణిగాడు.

"నీకు దూరం కాదు. నువ్వు సరదాకి వస్తావు," అంది ఆమె. "నేను తిండి కోసం వెళ్తాను. ఇప్పటికే రెండు పెళ్లిళ్లు పోయాయి నాకు. షాపు రాకపోతే నెలాఖరుకి నేను నగరానికి వెళ్లిపోతున్నాను. అక్కడ స్టూడియోలో చేరుతున్నాను. బస్సులో చెబితే ఏడుపొస్తుందని చెప్పలేదు. నువ్వు మాత్రం ఒక్కమాటతో తేల్చేశావు."

ఆమె వెళ్లిపోయాక మనవాడు పరీక్ష కుర్చీలో కూలబడ్డాడు. ఎదురుగా గోడ మీద అక్షరాల బోర్డు. పైనున్న పెద్ద అక్షరం కూడా అలుక్కుపోయినట్టు కనిపించింది. ఆమె పక్కన కూర్చునే సీటు కాపాడుకుందామనుకున్నాడు, చేజేతులా ఆమెనే ఊరు దాటించాడు. ఇంతకన్నా తెలివితక్కువ పని ఈ వీధిలో ఎవరూ చేసి ఉండరని అతనికి గట్టిగా అనిపించింది. మావయ్య వచ్చి విషయం విని, ఆ మాటే ఇంకొంచెం విడమరిచి చెప్పాడు.

పొద్దున్నే ఆఫీసరమ్మ బస్టాండులో ఉండగా పట్టుకున్నాడు.

"మేడమ్, నేను నిన్న అబద్ధం చెప్పాను. ఊరికి షాపు అవసరమే. వద్దన్నది నేనొక్కణ్నే."

"మీకెందుకు వద్దు?"

చెప్పాడు. బస్సు, వేరుశనగలు, గొడుగు, దిగులుపడ్డ ఫోన్, అన్నీ చెప్పాడు. ఆవిడ నవ్వాపుకుంటూ వింది.

"ఆ అమ్మాయికి తెలుసా?"

"ఇంకా చెప్పలేదు."

"అన్ని శనివారాలు పక్కనే కూర్చుని కూడానా?" అని ఆవిడ తల పట్టుకుంది. తర్వాత అసలు చిక్కు చెప్పింది. కావాలని అడిగినవాళ్లు ఈ ఊళ్లో బోలెడుమంది ఉన్నారు. కానీ నగరంలో కౌంటర్‌కి వచ్చేది ఇద్దరే. ఒకరిది పాత లాప్‌టాప్, ఇంకొకరి ఫోన్‌కి జబ్బే లేదు. ఇది చూసి షాపు పెట్టమంటే పైవాళ్లు నవ్వుతారు. "ఈ శనివారం నేను అక్కడే ఉంటాను. నిజంగా అవసరమున్నవాళ్లుంటే చూపించండి," అని బస్సెక్కింది.

మనవాడు ఇల్లిల్లూ తిరిగాడు. తిరిగాక గానీ తెలియలేదు, ప్రతి ఇంట్లోనూ ఒక సొరుగు, అందులో పాడైన ఆ కంపెనీ వస్తువు ఒకటి ఉంది. మందుల షాపు ఆవిడ సొరుగులో మెత్తటి గుడ్డ చుట్టి దాచిన టాబ్లెట్. హెడ్‌మిస్ట్రెస్ గారి సొరుగులో ఆగిపోయిన చేతి వాచీ. ఎప్పటికైనా నగరం వెళ్లినప్పుడు చూపిద్దామని పెట్టి మరిచిపోయినవే అన్నీ. దూరం కాదని అతను చెప్పిన ఊరు దూరానికి భయపడే ఇన్నాళ్లూ సొరుగులు మూసుకుని కూర్చుంది. ఆఖరికి సొంత మావయ్య కూడా బీరువాలోంచి మూగబోయిన స్పీకరొకటి తీసి, అడగలేదుగా మరి అన్నాడు.

శనివారం బస్సు నిండిపోయింది. కండక్టరు ఏం పెళ్లి ఇది అని అడిగాడు. కత్తెర లాప్‌టాప్ పట్టుకుని ఎక్కి, లోపలున్న మొహాలన్నీ చూసి మెట్టు మీదే ఆగిపోయింది. ఇదంతా ఎవరి పనని ఆమె అడగలేదు. మందుల షాపు ఆవిడే వేలు పెట్టి వెనక సీటు చూపించింది. కత్తెర ఒక్క చూపు చూసి, వెళ్లి తండ్రి పక్కన కూర్చుంది. మనవాడి పక్కన మావయ్య కూర్చుని దారి పొడుగునా గురక పెట్టాడు.

కంపెనీ షాపులో ఆ రోజు టోకెన్లు గంటలో అయిపోయాయి. మనుషులు గుమ్మం దాటి మెట్ల మీద నిలబడ్డారు. కౌంటర్ ఆవిడ కళ్లజోడు మీంచి ఆ జనాన్నీ, తర్వాత మనవాణ్నీ చూసింది. అతని వంతు రాగానే చెయ్యి చాపింది.

"నాది తేలేదండీ," అన్నాడు మనవాడు. "దానికేం జబ్బు లేదు."

"తెలుసు. ఇన్నాళ్లకి ఒప్పుకున్నారు, సంతోషం," అంది ఆవిడ. వెనక బెంచీ మీద కత్తెర ఆ మాట విని తలెత్తింది. ఆఫీసరమ్మ మూలన నిలబడి అందరితో మాట్లాడుతూనే ఉంది.

తిరుగు ప్రయాణంలో చినుకులు మొదలయ్యాయి. మొదటి స్టాపు దాటగానే టైలరు గారు లేచి వెనక్కి వచ్చాడు.

"బాబూ, నాకు కిటికీ గాలి పడదు. నువ్వెళ్లి అక్కడ కూర్చో," అన్నాడు. నాలుగడుగులు వేయనిచ్చి, మళ్లీ పిలిచి, "ఇంటికొచ్చి ఒకసారి కొలతలిచ్చి వెళ్లు. కోటు కుట్టాల్సొచ్చేట్టుంది," అని మావయ్య పక్కన సర్దుకున్నాడు. మావయ్య కళ్లు మూసుకునే నవ్వాడు.

మనవాడు వెళ్లి కూర్చున్నాడు. ఆమె బయటికి చూస్తోంది.

"ఫోన్‌కి జబ్బు లేదా?"

"ఎప్పుడూ లేదు. గ్లాసు పగలడమొక్కటే నిజం."

"మరి అన్ని శనివారాలు ఎందుకొచ్చావు?"

"నీ పక్కన కూర్చోడానికి. షాపు వద్దన్నది కూడా అందుకే. నువ్వంటే నాకు చాలా ఇష్టం. చెప్పే ధైర్యం లేక, సీటు పట్టుకుని వేలాడాను. తప్పే. నీ పని పోతోందని తెలిస్తే మొదటి రోజే ఊరంతా తిరిగేవాణ్ని."

చినుకులు అద్దం మీద జారుతున్నాయి. అతను గొంతు సవరించుకున్నాడు.

"రెండు చెబుతాను. ఏది బాగా కనిపిస్తోందో చెప్పు. ఒకటి, షాపు వస్తుంది, నువ్వు ఊళ్లోనే ఉంటావు, మనకి శనివారాలుండవు. రెండోది, షాపు రాదు, నువ్వు నగరానికి వెళ్తావు. నేను ప్రతి శనివారం వచ్చి నీ స్టూడియో ముందు నిలబడతాను."

కత్తెర కళ్లజోడు తీసి, చున్నీ కొసతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"రెండూ మసకగానే ఉన్నాయి. మూడో అద్దం వెయ్యి."

"షాపు వస్తుంది. నువ్వుంటావు. ఏమీ పాడవకపోయినా శనివారం ఇద్దరం బస్సెక్కుతాం."

"ఇది బాగుంది," అంది ఆమె. "ఇదే ఉంచు." వేరుశనగల పొట్లం తీసి ఇద్దరి మధ్య పెట్టబోయి, ఆగి, తన ఒళ్లో పెట్టుకుంది. మధ్యలో ఖాళీ లేకుండా జరిగి కూర్చుంది.

నెలాఖరులోపలే షాపు ఖాయమైందని ఆఫీసరమ్మ కబురు పంపింది. చలికాలం దాటకముందే షాపు వచ్చింది, వీధి చివర, మందుల షాపు పక్కనే. మొదటి టోకెన్ కత్తెరకే దక్కింది. లాప్‌టాప్ ఇచ్చి, టీ తాగి వచ్చేలోపల బాగుచేసి చేతిలో పెట్టారు. నగరం స్టూడియోకి రానని ఆమె ఆ కబురొచ్చిన రోజే ఫోన్ చేసి చెప్పేసింది.

ఆ తర్వాత ఒక శనివారం ఇద్దరూ పొద్దుటి బస్సెక్కి నగరంలోని పాత షాపుకి వెళ్లారు. కౌంటర్ ఆవిడ వాళ్లని చూసి ఆశ్చర్యపోయింది. మీ ఇంటి దగ్గరే షాపు పెట్టాం కదండీ, మళ్లీ ఇంత దూరం ఎందుకు, ఏం పాడైంది అని అడిగింది.

"ఏమీ పాడవలేదండీ," అన్నాడు మనవాడు, సంచీలోంచి శుభలేఖ తీసి రెండు చేతులతో అందిస్తూ. "జబ్బేమిటో మొదట కనిపెట్టింది మీరే. మీరు తప్పకుండా రావాలి."